ముసలమ్మ మంచం

నాకు చుక్కల పిచ్చి. ఊర్లో నన్ను పేరు పెట్టి పిలిచేటోళ్ల కన్నా 'చుక్కల సారు' అనేటోళ్లే ఎక్కువ. అమావాస్య దగ్గర పడుతుందంటే నా కాలు ఇంట్లో నిలవదు. పండుగ బట్టలకు దాచిన పైసలు కంటద్దాల దుకాణంలో పెట్టి వచ్చిన రోజులున్నయి. నా భార్య మొదట్లో కొట్లాడేది. ఇప్పుడు గురుగ్రహం ఏ దిక్కున ఉన్నదో ఆమే నాకు చెప్తది.

మాదిగోడు ఆకలి గురించి రాయాలె, అవమానం గురించి రాయాలె, చుక్కల గురించి ఏంది అని కొందరికి అనిపించొచ్చు. మా ఆకలి గురించి మావాళ్లు రాసిన్రు, ఇంకా రాయాల్సింది చానా ఉన్నది. కానీ మీకు ఏమిష్టం అని మమ్మల్ని ఎవరూ అడగలే. ఇష్టం అనేది కడుపు నిండినోళ్ల సొత్తు అనుకుంటరు.

నాకు ఈ పిచ్చి అంటించింది మా నాయినమ్మ. ఆమెకు ఏలిముద్రే సంతకం. నల్లగొండ జిల్లాలో మా ఊరు. మా గూడేనికి కరెంటు ఊరి కన్నా ఆలస్యంగా వచ్చింది. అదొక్కటే మాకు జరిగిన మేలు. ఎండాకాలం వాకిట్లో నులక మంచం మీద పండుకోబెట్టి ఉత్తరం దిక్కు చూపించేది.

"అగో, ఆ నాలుగు చుక్కలు ముసలమ్మ మంచం కోళ్లు బిడ్డా. ఎనక మూడు చుక్కలున్నయే, వాళ్లు దొంగలు. ముసలమ్మ నిద్రపోతే మంచం ఎత్కపోదామని చూస్తున్రు. గామె పోతదా నిద్ర?"

పిల్లలకోడిని, వేగుచుక్కను కూడా ఆమే చూపించింది. మా తాత పటేల్ దగ్గర జీతం ఉన్నప్పుడు వేగుచుక్క పొడిస్తే లేచి మోట కొట్టబోయేటోడట. శుక్రుడు సుమారు తొమ్మిది నెలలు పొద్దుగాల, మరో తొమ్మిది నెలలు మాపటీలి కనబడుతడని, మొత్తం చక్రం 584 రోజులని నేను డిగ్రీలో చదివిన. తాతకు ఆ అంకె తెల్వది. వేగుచుక్క మాపటికి మారిన కాలంలో ఏ చుక్కను చూసి లేవాలెనో తెలుసు. గడియారం లేని మనిషి లెక్క అది.

బడిలో పాఠం వచ్చింది. ఆ ఏడు చుక్కలు సప్తర్షులని, క్రతువు, పులహుడు, పులస్త్యుడు అని పేర్లు అప్పజెప్పాలె. నేను లేచి, "సార్, అది ముసలమ్మ మంచం గదా" అన్న. క్లాసంతా నవ్వింది. సారు కూడా నవ్వి, "మీ గూడెంల మంచమేరా. పరీక్షల గట్ల రాస్తే సున్నా వస్తది" అన్నడు. భూమి మీద ఊరు, వాడ ఉన్నట్టే ఆకాశంలో కూడా ఉన్నయని ఆ రోజు అర్థమైంది.

అప్పటికి మా నాయిన తన వాకిట్లో తన మంచం మీద కూసున్నా, పెద్దింటోళ్లు దారెంట వస్తుంటే లేచి నిలబడాలె. కూసుంటే తిట్లు. అసొంటి వాడలో మనుషులు ఆకాశంలో ఒక ముసలామెకు మంచం వేసిన్రు. దాన్ని ఎవడూ ఎత్కపోకుండ రాత్రంతా మేలుకొని కావలి కాయమన్నరు. గోండులు, కొలాములు కూడా ఆ చుక్కలను మంచంగా, దొంగలుగా చెప్పుకుంటరని పరిశోధకులు రాసిన్రు. అంటే ఇది ఒక్క మా నాయినమ్మ ఊహ కాదు, చదువుకు దూరం పెట్టబడినోళ్ల ఖగోళం.

ఆ మూడు దొంగలలో నడిమిదాని పక్కన ఒక సన్న చుక్క ఉంటది. పుస్తకంలో నడిమిది వసిష్ఠుడు, సన్నది అరుంధతి. పెండ్లిలో అయ్యగారు కొత్త జంటకు చూపించేది దీన్నే. చానాసార్లు పట్టపగలే చూపిస్తడు, వాళ్లు కనబడిందంటరు. అరుంధతి మా ఆడబిడ్డ అని డక్కలోళ్లు జాంబపురాణం చెప్పంగ విన్న. షెడ్యూల్డు కులాల జాబితాలో 'అరుంధతీయ' అనే పేరున్నది. మనుస్మృతి తొమ్మిదో అధ్యాయం కూడా తక్కువ పుట్టుక గల అక్షమాల వసిష్ఠుని చేరి గౌరవం పొందిందని చెప్తది. ఆమే అరుంధతి అని వ్యాఖ్యాతలు అంటరు. మా బిడ్డను చుక్కను చేసి ప్రతి పెండ్లిలో దండం పెట్టిస్తరు. అదే పెండ్లిలో డప్పు కొట్టిన మా నాయిన పందిరి బయటనే నిలబడ్డడు, బయటనే తిన్నడు.

హాస్టల్లో ఉన్నప్పుడు 'చెకుముకి' పాత సంచికలు, మహీధర నళినీమోహన్ పుస్తకాలు దొరికినయి. బీఎస్సీ అయింది, బీఎడ్ అయింది, ఉద్యోగం వచ్చింది. మొదటి జీతంతోటి దూరదర్శిని చేసిన. చదివే పిల్లల కోసం ఆ పని రాస్తున్న. అద్దాల దుకాణంలో ప్లస్ వన్ పవరు అద్దం అడగాలె. దాని నాభ్యంతరం ఒక మీటరు. 5 సెంటీమీటర్ల నాభ్యంతరం ఉన్న చిన్న భూతద్దం కన్ను దగ్గర పెట్టాలె. నూరును ఐదుతో భాగిస్తే 20 రెట్లు. ముందటి అద్దానికి నల్ల అట్ట పెట్టి నడుమ 3 సెంటీమీటర్ల రంధ్రం చేయాలె, లేకుంటే చుక్క చుట్టూ రంగులు వస్తయి. సూర్యుని దిక్కు మాత్రం పెట్టొద్దు, కన్ను పోతది. ప్లాస్టిక్ పైపులో అద్దం కదలకుండ నేను తోలు వాసరు పెట్టిన. తాత రంపెతోటే కోసిన.

ఆ గొట్టంలో చూస్తే వసిష్ఠుడు ఒక్కడు కాదు, ఇద్దరు. ఆ ఇద్దరిలో ఒక్కొక్కరు మళ్లా జంటే అని వాళ్ల వెలుగును విడదీసి చూసినోళ్లు తేల్చిన్రు. అరుంధతికి కూడా ఒక సన్న ఎర్ర మరుగుజ్జు తోడున్నదని 2009లో కనుక్కున్నరు. మొత్తం ఆరుగురు. మొగని ఎనక నడిచే పతివ్రత ఆడ ఎక్కడా కనబడలే.

వెలుగును విడదీసి చుక్క వేడిమిని లెక్కగట్టే దారి చూపినాయన మేఘనాద్ సాహా. తూర్పు బెంగాల్ పల్లెలో చిన్న కొట్టు నడిపే ఇంట్లో 1893లో పుట్టిండు. కలకత్తా హాస్టల్లో కులం తక్కువని ఆయనను పంక్తిలో కూసోనియ్యలే. 1920లో ఆయన సమీకరణం వచ్చింది. మా డిగ్రీ పుస్తకంలో సమీకరణం ఉండె, పంక్తి కథ లేకుండె.

ఒక ఏప్రిల్ రాత్రి మా బడి ఆవరణలో పిల్లలకు గొట్టం పెట్టిన. వరుస పెద్దగున్నది. ఒక తండ్రి వచ్చి, "సారూ, మా పిల్లను ముందుగాల చూడనియ్యి" అన్నడు. ఎందుకో ఆయన చెప్పలే, చెప్పక్కర లేదు. వరుసలో ముందున్నది మా వాడ పిల్ల. కన్ను ఆనించే చోటు ఒక్కటే.

"హాజరు పట్టీ లెక్కన చూస్తున్రు అన్నా" అన్న.

కాసేపు నిలబడి బిడ్డను తోలుకొని పోయిండు. ఆ పిల్ల ఎనక్కి చూసుకుంటనే పోయింది. తెల్లారి బడికి వస్తనే, "సార్, మళ్ల ఎప్పుడు పెడ్తరు?" అని అడిగింది. ఆమె కోసం మళ్లా పెట్టిన. వరుస మాత్రం మార్చలే. నా క్లాసులో సప్తర్షులనీ రాయిస్త, ముసలమ్మ మంచమనీ రాయిస్త. రెండిటికీ మార్కులు వేస్త.

ఈ రాత్రి అరుంధతి నుంచి మన కంటికి చేరే వెలుగు సుమారు 80 ఏండ్ల కింద బయలెల్లింది. అప్పటికి రాజ్యాంగం లేదు, అందులోని 17వ అధికరణం లేదు. మా తాత నిజాం రాజ్యంలో వెట్టి చేస్తున్నడు. ఆ వెలుగు దారిలో ఉండంగనే మా నాయిన పుట్టిండు, తాత పోయిండు, మా ఇంట్లో ఒకడు డిగ్రీ చదివిండు. ఇయ్యాల ఆడ బయలెల్లే వెలుగు ఇంకో 80 ఏండ్లకు వస్తది. అప్పుడు చూసే పిల్లల వరుసలో ఎవరు ముందు, ఎవరు ఎనక అని కులం చెప్పొద్దు. ఆ పని మన బడుల్లో ఇప్పుడే చేయాలె.