నక్క వెళ్ళిన దారి

ఏళ్ళ తరబడి కాలేజీలో మనుచరిత్ర చెబుతున్నాను. స్వరోచి వేట ఘట్టం వచ్చిందంటే నాకెక్కడలేని హుషారూ పుట్టుకొస్తుంది. బల్ల గుద్ది మరీ చెబుతాను. ఒకనాడు వెనక బెంచీ కుర్రాడొకడు లేచి, "మాస్టారూ, మీరెప్పుడైనా వేట చూశారా?" అన్నాడు. క్లాసంతా గొల్లుమంది. వేటదాకా యెందుకు, మా ఊరి చేలగట్ల మీద నక్కకూత విన్నానే గాని, నక్కను సరిగా చూసిన పాపాన పోలేదు.

2023 డిసెంబరులో మా బావమరిదిని చూడటానికి ఇంగ్లండు వెళ్ళినప్పుడు ఆ లోటు కొంత తీరింది. అతనుండేది లెస్టరు నగరంలో. ఆ జిల్లా నక్కల వేటకు పుట్టినిల్లని అక్కడికి వెళ్ళాకే తెలిసింది. "నక్క తోక తొక్కుదామనా బావా, ఈ చలిలో?" అని వేళాకోళం చేస్తూనే, ఒక శనివారం పొద్దున మెల్టన్ మౌబ్రే దగ్గరి పల్లెలో నన్ను దించాడు. తాను మాత్రం కారు దిగలేదు. ఆ దేశంలో నక్క తోక తొక్కేవాళ్ళు లేరు. కోసి గోడకు తగిలించుకునేవాళ్ళు.

పల్లె నడిబొడ్డున పచ్చికబయలులో నలభై గుర్రాల దాకా చేరాయి. వాటి ముక్కుల్లోంచి ఆవిర్లు. జీను మీద కూర్చున్నవాళ్ళకు పళ్ళెంలో చిన్న చిన్న గ్లాసులు అందిస్తున్నారు. పానకం కాదని వేరే చెప్పనక్కర్లేదు. నలుగురైదుగురు ఎర్రకోట్లవాళ్ళు. ఆ ఎరుపును వాళ్ళు గులాబి అంటారట! కుక్కల్ని కుక్కలంటే కోపం, "హౌండ్లు" అనాలి. లెక్క గూడా జతల్లోనే. ఆనాడు వచ్చినవి పదిహేనున్నర జతలు. ఆ అర జత కుక్క నా బూట్లు వాసన చూసి, పనికిరావనుకొని వెళ్ళిపోయింది.

ఈ వేటను ఇప్పటి తీరుకు తెచ్చినవాడు హ్యూగో మెనెల్ అనే జమీందారు. 1753 నుంచి దాదాపు యాభై ఏళ్ళు ఇక్కడి క్వార్న్ వేటదళాన్ని నడిపాడు. అంతకుముందు తెల్లవారుజామునే, రాత్రి మేసిన తిండి అరగక నక్క బరువుగా ఉన్నప్పుడు, నింపాదిగా తరిమేవారు. మెనెల్ వేగంగా పరుగెత్తే కుక్కల్ని పెంచాడు. దాంతో పొద్దెక్కి బయల్దేరి గూడా వేటాడటం కుదిరింది. నక్క దొరకటం కంటే గుర్రం మీద ముళ్ళదడులు దూకటం ముఖ్యమైంది. వేటకు నక్కలు కరువు కాకూడదని పొదలు నాటి మరీ కాపాడారు. చంపటానికి కాపాడటం! అయినా మనం మేకల్ని పెంచేది ముద్దుకా?

గుర్రాలు కదిలాక నేను కాలిదారిన ఒక గేటు దగ్గరకు చేరాను. అక్కడ ఎనభై దాటిన ముసలాయన ఒకడు టోపీ పెట్టుకుని నిలబడివున్నాడు. మాట కలిసింది. ఆయన తండ్రి వేటదళం దగ్గర కూలీ అట. వేటకు ముందు రాత్రి, నక్కలు మేతకు బయటికి పోయిన వేళ, లాంతరు పట్టుకుని తిరిగి బొరియలన్నీ మట్టితో మూసెయ్యటం ఆయన పని. తెల్లారి తరిమితే నక్కకు దూరటానికి ఇల్లుండకూడదు గదా! "మా నాన్న తలుపులు మూస్తే వీళ్ళు తరిమేవాళ్ళు," అన్నాడు ముసలాయన. గొప్పగా అన్నాడో, బాధగా అన్నాడో తెలియలేదు.

ఇప్పుడు ఆ వేట లేదు. ప్రభువుల సభ ఒప్పుకోకపోయినా కామన్స్ సభ పంతం పట్టి 2004లో చట్టం చేసింది. 2005 ఫిబ్రవరి 18 నుంచి ఇంగ్లండు, వేల్సులలో కుక్కలతో నక్కను తరిమి చంపటం నేరం. అందుకని, వాసన పట్టించిన గుడ్డను ముందుగా నేల మీద ఈడ్చుకుపోతారు. కుక్కలు ఆ వాసన వెంట, గుర్రాలు కుక్కల వెంట. ఇదంతా పేరుకేనని, చాటున అసలు వేటే సాగుతుందని కెమెరాలు పట్టుకుని తిరిగే కుర్రాళ్ళు అంటారు. మరుసటి ఏడు ఎన్నికల్లో గెలిచిన లేబర్ పార్టీ ఈ గుడ్డవేటను గూడా మాన్పిస్తామని వాగ్దానం చేసింది. కుక్కలు మాత్రం ఏ చట్టమూ చదవలేదు.

దూరాన బూర మోగింది. కుక్కల గోల దగ్గరవుతోంది. అంతలో ఎదుటి దడిలోంచి అది వచ్చింది.

ఇటుకరంగు ఒళ్ళు, తోక చివర తెలుపు. భాషలో రెంటినీ నక్కే అంటాం గాని, మన ఊరి నక్క వేరు, ఇది వేరు. పరుగెత్తటం లేదు. దారి మధ్య ఆగి మా ఇద్దరినీ చూసి, గేటు కింది నుంచి దూరి, మా వెనక ఉన్న చేలోకి దిగిపోయింది. ముసలాయన చెయ్యి టోపీ మీదికి పోయింది. నక్కను చూసినవాడు టోపీ ఎత్తి అది పోయిన దిక్కు చూపటం పాత ఆనవాయితీ. టోపీ తీశాడు. ఎత్తలేదు.

ఇంతలో రెండు కుక్కలు గుంపు విడిచి, ముక్కులు నేలకానించి ఇటే తిరిగాయి. వాటి వెనకే కొరడా పట్టుకుని ఒక అమ్మాయి గుర్రం మీద దూసుకొచ్చింది. "ఇటేమైనా వెళ్ళిందా?" అని అడిగింది నన్ను.

కుక్కల్ని మళ్ళించటానికి అడిగిందో, ఉసికొల్పటానికి అడిగిందో ఆ ముఖంలో చదవలేకపోయాను. భారతం కర్ణపర్వంలో కౌశికుడు, పారిపోయినవాళ్ళు ఎటు వెళ్ళారని దొంగలడిగితే, నిజం చెప్పి నరకానికి పోయాడు. ప్రతి ఏడూ పిల్లలకు చెప్పే కథే. చెప్పేటప్పుడు ఎంతో తేలిక. నిజం చెబితే ఈ పిల్ల కుక్కల్ని ఆపుతుందేమో! చెప్పకపోతే అవే వాసన పట్టేస్తాయేమో!

"ఏమమ్మా? నాకు తెలియలేదు," అన్నాను, శుద్ధమైన తెలుగులో.

ఆమె ఒక క్షణం చూసి, కొరడా ఝళిపించి, కుక్కల్ని పేరుపెట్టి అదిలించింది. ఒకటి వెంటనే మళ్ళింది. రెండోది గేటు కింద మూతిపెట్టి కదలలేదు. మళ్ళీ కొరడా మోగాక, వెనక్కి చూస్తూ చూస్తూ పోయింది.

బూర మళ్ళీ వినపడింది, ఈసారి తూర్పున, చాలా దూరంగా. ముసలాయన ఫ్లాస్కు విప్పి, మూతలో టీ పోసి నా చేతికిచ్చాడు.

"ఇందాక నాతో ఇంగ్లీషు బాగానే మాట్లాడారే," అన్నాడు. టోపీ ఇంకా ఆయన చేతిలోనే వుంది.