ఏ రంగు వేయాలమ్మా?

సంక్రాంతి వెళ్ళిన వారానికి మా అమ్మాయికి టైఫాయిడ్ వచ్చింది. జ్వరం తగ్గింది గానీ నీరసం తగ్గలేదు. "రెండు నెలలు బడి మాట మర్చిపోండి, పిల్లని కోలుకోనివ్వండి" అన్నారు డాక్టరుగారు. గుంటూరులో మూడో అంతస్తులో నాలుగు గోడల మధ్య ఎందుకని, పుస్తకాల సంచీ సర్దుకుని చిలకలూరిపేట అవతల మా అత్తగారి ఊరు వెళ్ళిపోయాం. పొద్దున లెక్కలు, మధ్యాహ్నం నిద్ర లేచాక తెలుగు. ఐదో తరగతే కదా, నా బి.ఎ. చదువు బాగానే సరిపోయింది.

చిక్కంతా బొమ్మల దగ్గర వచ్చింది. బొమ్మలంటే దానికి ప్రాణం. కానీ రంగుల పెట్టె తెరవగానే మొదటి మాట, "ఏ రంగు వేయాలమ్మా?" చెట్టుకి ఆకుపచ్చ, ఆకాశానికి నీలం, నీడకి నలుపు. బళ్ళో ఇచ్చిన పుస్తకంలో ఎడమ పేజీలో రంగుల బొమ్మ ఉంటుంది, కుడి పేజీలో ఖాళీ బొమ్మ. ఉన్నదున్నట్టు దింపితే నక్షత్రం ఇస్తారు. దాంతో ఎదురుగా ఉన్న చెట్టుని కళ్ళు చూడకముందే చెయ్యి ఆకుపచ్చ రంగు మీదికి వెళ్ళిపోతుంది.

అప్పుడు నాకు కాలేజీ రోజులు గుర్తొచ్చాయి. మా తెలుగు మేడమ్ సంజీవదేవ్ గారి వ్యాసాలు చదివించేవారు. ఆయనది మన దుగ్గిరాల దగ్గర తుమ్మపూడి. పల్లెటూళ్ళో ఉంటూనే ప్రపంచ చిత్రకళ గురించి తెలుగులో రాశారు, తనూ ప్రకృతి దృశ్యాలు చిత్రించారు. ఇంప్రెషనిజం అనే మాట నేను మొదట విన్నది మేడమ్ క్లాసులోనే. వస్తువుకి మనం నేర్చుకున్న రంగు కాకుండా, ఆ క్షణాన, ఆ వెలుతురులో కంటికి ఏ రంగు కనబడితే ఆ రంగు వేయడమని ఆవిడ చెప్పిన మాట అలా ఉండిపోయింది.

ఫోనులో మా అమ్మాయికి మోనే వేసిన ధాన్యపు వాముల చిత్రాలు చూపించాను. ఫ్రాన్సులో జివెర్నీ అనే పల్లెలో ఆయన ఇంటి పక్క పొలంలోవే ఆ వాములు. 1890, 91లలో వాటినే ఇరవై అయిదు దాకా చిత్రాలు వేశాడు. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, మంచు కురిసినప్పుడు ఒకటి. వెలుతురు మారగానే ఆ కాన్వాసు పక్కన పెట్టి ఇంకోటి అందుకునేవాడు. ఆయన సవతి కూతురు బ్లాంష్ కాన్వాసులు మోసుకుని వెంట వెళ్ళేది. ఆమె కూడా చిత్రకారిణే.

"మనకి వాము లేదుగా" అంది.

"కల్లం ఉందిగా" అన్నాను.

మిరపకాయల కల్లం ఇంటి వెనకే. రాత్రి మంచుకి తడవకుండా కుప్ప చేసి పట్టలు కప్పుతారు, పొద్దున్నే తీసి ఎండకి నెరుపుతారు. ఘాటు తగలకుండా గాలి వచ్చే వైపున వేపచెట్టు కింద నులకమంచం వేసుకున్నాం. రెండే నియమాలు పెట్టాను. పెన్సిల్ గీత గీయకూడదు, నలుపు రంగు ముట్టకూడదు. ఒక్కో బొమ్మకి ఇరవై నిమిషాలు. రోజూ కూర్చునే చోటు మారకూడదు.

మొదటి రోజు ఎర్రరంగు తీసుకుని కల్లమంతా ఒకే పూత పూసేసింది. "ఏ రంగు వేయాలమ్మా?" అన్నప్పుడల్లా "నన్నడగకు, కల్లాన్ని అడుగు" అనేదాన్ని. మూడో రోజు పొద్దున ఉన్నట్టుండి, "అమ్మా, నీడ నల్లగా లేదే, వంకాయ రంగులో ఉంది!" అని అరిచింది. తాలుకాయలు ఏరుతున్న ఆడవాళ్ళు కూడా తలెత్తి చూశారు. ఆ తర్వాత ఒక్కొక్కటే దానికి కనిపించడం మొదలైంది. మిట్టమధ్యాహ్నం కాయలు ఎర్రగా కాదు, వెలిసిన గులాబీ రంగులో ఉంటాయి. పొద్దుగూకే వేళ అవే కాయలు నిప్పుల్లా ఉంటాయి. పది రోజులకి కాయ ఎండి కల్లం రంగే ముదిరింది. తాలుకాయల తెల్ల కుప్ప కూడా తెల్లగా లేదు, పక్కనున్న ఎరుపు దాని మీద పడింది. చీర కొనేటప్పుడు అంచు మారితే ఒంటి రంగే మారినట్టు కనిపిస్తుంది చూడండి, అదే సంగతి.

సాయంత్రాలు కథ చెప్పేదాన్ని. రేకు గొట్టంలో రంగులు నింపే పద్ధతిని 1841లో జాన్ రాండ్ అనే అమెరికన్ చిత్రకారుడు కనిపెట్టాడు. దాంతో రంగులు పట్టుకుని పొలాల్లోకి వెళ్ళడం తేలికైంది. 1874లో ఓ ముప్పై మంది కలిసి పారిస్‌లో సొంతంగా ప్రదర్శన పెట్టుకున్నారు. మోనే వేసిన సూర్యోదయం చిత్రం పేరు పట్టుకుని లెరోయ్ అనే విమర్శకుడు వాళ్ళని 'ఇంప్రెషనిస్టులు' అని వెక్కిరించాడు. ఆ వెక్కిరింపే పేరుగా నిలిచిపోయింది. "అయితే వాళ్ళకీ నక్షత్రం రాలేదన్నమాట!" అని మా అమ్మాయి మురిసిపోయింది.

ఆ ప్రదర్శనలో బెర్త్ మోరిసో అనే ఆవిడ కూడా ఉంది. ఉయ్యాలలో నిద్రపోతున్న పాప, పక్కన గడ్డం కింద చెయ్యి పెట్టుకుని చూస్తున్న తల్లి. ఆ తల్లి బెర్త్ అక్క ఎద్మా. అక్కచెల్లెళ్ళిద్దరూ కలిసి చిత్రకళ నేర్చుకున్నారు, ఇద్దరూ బాగా వేసేవారు. 1869లో ఎద్మాకి పెళ్ళయింది, కుంచె పక్కన పెట్టేసింది. మూడేళ్ళకి చెల్లెలి చిత్రంలో ఇలా తల్లిగా కూర్చుంది.

చెబుతూ చెబుతూ నేనే ఆగిపోయాను. మా అమ్మాయి ఫోను చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది.

"వేయొద్దని ఎవరన్నా అన్నారా ఆవిడని?"

"నాకు తెలీదమ్మా."

"మరి నిన్ను?"

ఎవరూ అనలేదు. అదే నిజం. కాలేజీలో గోడపత్రికకి బొమ్మలన్నీ నేనే వేసేదాన్ని. పెళ్ళయ్యాక ఒక్కరూ వద్దనలేదు. ఎవరూ అడగలేదు, నేనూ తీయలేదు. బియ్యం, పాలు, బాక్సులు, పరీక్షలు. ఇరవై ఏళ్ళు వెళ్ళిపోయాయి. ముగ్గులు మాత్రం మానలేదు. అవి ఇంటి పని కిందికి వస్తాయి కాబట్టేమో.

మర్నాడు పొద్దున మంచం మీద రెండు అట్టలు పెట్టింది. మా అత్తయ్య కల్లంలో కూర్చుని తాలు ఏరుతున్నారు. ఆవిడనే వేద్దామని కూర్చున్నాను. చెయ్యి వణికింది, నవ్వొచ్చింది. తెల్లచీరకి వేపచెట్టు నీడ పడిన చోట ఎటు కలిపినా రంగు కుదరలేదు. "ఇక్కడ ఏ రంగు వేయాలే?" అన్నాను.

"నన్నడగకు, నానమ్మని అడుగు" అంది.

అత్తయ్య తలెత్తి, "ఏందే, తల్లీకూతుళ్ళు పొద్దుననగా కూర్చున్నారు. కాఫీ ఏమన్నా ఉందా లేదా ఈ పూట?" అన్నారు. ఇరవై నిమిషాలు అయ్యాకే లేచాను.

మీ ఇంట్లో కల్లం ఉండక్కర్లేదు. మేడ మీద నీళ్ళ ట్యాంకు, తీగ మీద ఆరేసిన బట్టలు, సందులో నందివర్ధనం చెట్టు, ఏదైనా చాలు. పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం ఒకటి. నలుపు మాత్రం పెట్టెలోంచి తీసేయండి. రెండు అట్టలు పెట్టుకోండి.

మార్చి నెలాఖరుకి కాయలు టిక్కీలకెక్కి గుంటూరు యార్డుకి పోయాయి. మేమూ ఊరొచ్చేశాం. హాల్లో గోడకి దాని బొమ్మలు ఆరు అంటించాం. ఏడోది నాది. చీర నీడ ఇంకా కుదరలేదు. ఈ ఆదివారం మళ్ళీ వేస్తాను.