అబద్ధానికి హోంవర్కు

బోస్టన్‌లో చదువుకునే మా అక్క కూతురు సెలవులకు వస్తూ నాకు రెండు వస్తువులు తెచ్చింది. ఒకటి ఎల్ కెనడీ రాసిన ‘ది డీల్’ నవల. రెండోది నల్లటి రబ్బరు బిళ్ల. మా ఆయన దాన్ని బూట్ పాలిష్ డబ్బా అనుకుని మూత తీయబోయారు.

“మూత లేదు బాబాయ్, అది పక్! ఐస్ హాకీలో బంతికి బదులు అదే.”

హాకీ అంటే నాకు తెలిసింది ధ్యాన్‌చంద్, పచ్చటి మైదానం, వంకర కర్ర. అక్కడి హాకీ మంచు మీద. ఒక్కో జట్టు నుంచి ఆరుగురు, 20 నిమిషాల చొప్పున మూడు భాగాలు. ఈ బిళ్ల అడ్డంగా 3 అంగుళాలు, మందం అంగుళం, బరువు 170 గ్రాముల దాకా. వెచ్చగా ఉంటే మంచు మీద గెంతులేస్తుందని ఆటకు ముందు ఫ్రీజర్‌లో పెడతారట. చిన్న తప్పు చేసిన ఆటగాడు 2 నిమిషాలు పక్కనున్న బోనులో కూర్చుని, తన జట్టువాళ్లు ఒకడు తక్కువై అవస్థ పడుతుంటే చూస్తుండాలి. మా బళ్లో గోడకుర్చీ వేయించినట్టే, కాకపోతే వీడికి కుర్చీ ఉంటుంది.

ఇంత నేర్చుకుని నవల తెరిస్తే, అందులో హాకీ భోజనంలో ఊరగాయంత. అసలు వంటకం వేరే. మసాచుసెట్స్‌లో బ్రయర్ అనే కల్పిత విశ్వవిద్యాలయం. హాకీ జట్టు కెప్టెన్ గారెట్ నీతిశాస్త్రం పరీక్ష తప్పాడు. మార్కులు పెరగకపోతే ఆట లేదు. అదే క్లాసులో సంగీతం విద్యార్థిని హానాకు మంచి మార్కులొచ్చాయి. చదువు చెప్పమని వెంటపడితే ఆమె ససేమిరా అంటుంది. ఆమె మనసు ఒక ఫుట్‌బాల్ ఆటగాడి మీద ఉందని పసిగట్టి గారెట్ బేరం పెడతాడు: నువ్వు నాకు పాఠం చెప్పు, నేను నీతో తిరుగుతున్నట్టు నటిస్తాను, వాడు నిన్ను గమనిస్తాడు.

ఇక్కడ పుస్తకం మూసి కాసేపు నవ్వుకున్నాను. నీతిశాస్త్రం ట్యూషన్‌కి ఫీజు ఒక అబద్ధం!

ఈ నవల వచ్చింది 2015లో. సరిగ్గా అరవై ఏళ్ల ముందు, 1955లో, మన ‘మిస్సమ్మ’లో ఎన్టీ రామారావు, సావిత్రి ఇదే పని చేశారు. దానికి మూలం రవీంద్రనాథ్ మైత్ర బెంగాలీ నాటకం. అప్పాపురం జమీందారు బడికి భార్యాభర్తలైన టీచర్లే కావాలి, వీళ్లకేమో ఉద్యోగం కావాలి. ఆమెకు అప్పులవాడి బెడద కూడా. అక్కడ నాటకం ఆడించింది బతుకుతెరువు. ఇక్కడ మార్కులూ, మూడోవాడికి పుట్టించాల్సిన అసూయా. కడుపు నిండినవాళ్ల అబద్ధమిది అని మొదట కాస్త చులకనగానే చదివాను.

చులకన ఎక్కువసేపు నిలవలేదు. గారెట్ తండ్రి పేరుమోసిన హాకీ ఆటగాడు, ఇంట్లో మాత్రం భార్యనూ కొడుకునూ కొట్టినవాడు. హానా బడి రోజుల్లోనే అత్యాచారానికి గురైంది. నిజంగా ప్రేమించినవాళ్ల దగ్గరైతే ఏమనుకుంటారోనని ఇవన్నీ దాచుకునేవారేమో. ఇది ఎలాగూ ఉత్తుత్తిదే కదా అన్న ధీమాతో నోరు విప్పగలిగారు. పడకగది ఘట్టాలు నాలాంటిదానికి కాస్త ఎక్కువే. రెండుచోట్ల పేజీలు దాటేశాను. (ఒకచోట వెనక్కి వచ్చాను.)

నన్ను పట్టుకున్న సంగతి మరొకటి. జంటగా నటించాలంటే హోంవర్కు చేయాలి. ఎదుటి మనిషికి ఏ పాట ఇష్టం, దేనికి కోపం వస్తుంది, దేనికి భయం... పట్టుబడకుండా ఉండాలంటే తెలియాలి. ఈ రకం కథలన్నిటికీ ఇంధనం ఈ ప్రశ్నలే. అబద్ధం కోసం అడుగుతారు, జవాబు మాత్రం నిజంగా వినాల్సి వస్తుంది. కొంప మునిగేది అక్కడే.

నా పెళ్లిచూపుల్లో ఆయన నన్ను అడిగింది ఒకే ప్రశ్న: “ఏం చదివావు?” నా డిగ్రీ వివరాలున్న కాగితం ఆయన చేతిలోనే ఉంది. నేనూ “బీకాం” అని కాగితంలో ఉన్నదే చెప్పాను. మా అత్తగారు పాట వచ్చా అన్నారు, రాదన్నాను. అంతటితో 31 ఏళ్ల కాపురానికి సరిపడా విచారణ పూర్తయింది.

నవల ముగించిన రాత్రి ఆయన్ని పరీక్షించాలనిపించింది. “నా కాఫీలో చక్కెర ఎన్ని చెంచాలో చెప్పండి చూద్దాం” అన్నాను, జవాబు రాదన్న నమ్మకంతో.

పేపరులోంచి తల ఎత్తలేదు. “నువ్వు కాఫీ మానేసి నాలుగేళ్లయింది. మీ అమ్మ పోయినప్పటి నుంచీ.”

ఎందుకు మానేశానో నేను ఎవరికీ చెప్పలేదు. ఏమనాలో తోచక మంచినీళ్ల కోసం వెళ్లి ఫ్రిజ్ తెరిచాను. ఫ్రీజర్‌లో, ఐస్ ట్రే పక్కన, నల్లటి పక్.

“ఇదేమిటండీ ఇక్కడ?”

“గెంతకుండా ఉండాలంటే అక్కడే పెట్టాలన్నారుగా” అన్నారు.