భూకంపం జాడ

1993 సెప్టెంబరు 30. వినాయక నిమజ్జనం ముగించుకొని జనం ఆదమరచి నిద్రిస్తున్నారు. తెల్లవారుజామున నాలుగు గంటలు కావస్తుండగా మహారాష్ట్రలోని కిల్లారి ప్రాంతంలో భూమి కంపించింది. వేలాదిమంది మరణించారు. రాయచూరుకు కిల్లారి సుమారు 230 కిలోమీటర్ల దూరం మాత్రమే.

ముందుగా తెలిసి ఉంటే ఎంత బాగుండేది! ఈ ఆరాటం ఈనాటిది కాదు. ఆరవ శతాబ్దంలో వరాహమిహిరుడు తన ‘బృహత్సంహిత’లో భూకంప లక్షణాలకు ఒక అధ్యాయమే కేటాయించాడు. సముద్రంలోని మహాప్రాణుల వల్ల భూమి వణుకుతుందని కొందరు, భూభారం మోసి అలసిన దిగ్గజాల వల్లనని కొందరు, గాలులు ఢీకొని నేలపై పడడం వల్లనని మరికొందరు అన్నారట. ఈ భిన్నాభిప్రాయాలను ఆయన దాచకుండా ఒకచోట చేర్చాడు. అది మెచ్చదగిన పని. వారం రోజుల ముందే కనిపించే గుర్తులనూ చెప్పాడు. పొగ కమ్మినట్లుండే ఆకాశం, చెట్లను విరిచే దుమ్ముగాలి, మందగించిన ఎండ, రాలిపడే ఉల్కలు, కొండలవంటి మేఘాలు! అయితే రాయచూరు వేసవిలో దుమ్ముగాలి రేగని ఏడు ఉంటుందా?

చైనాలో చాంగ్ హెంగ్ 132లో ఒక కంచు పాత్రను తయారుచేశాడు. దూరాన భూమి కదిలితే దానిపైనున్న డ్రాగన్ నోటిలోని గుండు కింది కప్ప నోటిలో పడేది. అది తెలిపేది వచ్చిన భూకంపాన్నే, రాబోయేదానిని కాదు.

భూకంపం వచ్చే రోజును, గంటను ఈనాటి శాస్త్రజ్ఞులు కూడా చెప్పలేరు. కిల్లారిలో ప్రాణాలు తీసినవి మట్టితో పేర్చిన మందపాటి రాతిగోడలు, బరువైన మట్టికప్పులు. గోడ రెండు వరుసలనూ కలిపే పొడవురాళ్లు పెట్టడం, చుట్టూ కాంక్రీటు పట్టీ వేయడం ఇంజనీర్లు ఆ తరువాత అక్కడి మేస్త్రీలకు నేర్పారు.