ఒక మేడ, 19 వాటాలు

ఐర్లండు రాజధానియగు డబ్లిను నగరమున, లిఫీ నది కుత్తరముగా, హెన్రియెట్టా వీధి యను చిన్న వీధి కలదు. అందలి 14వ నంబరు మేడ ఇప్పుడు ప్రదర్శనశాల. గృహిణులు తెలిసికొనదగిన దని తోచి, మేము చూచిన యా మేడను గూర్చి సోదరీమణులకు వ్రాయుచున్నాము.

1740వ దశకము చివర ల్యూక్ గార్డినరు అనునతడు దీనిని ఎఱ్ఱ ఇటుకలతో కట్టించెను. నేలమాళిగపై నాలుగంతస్తులు. వీధిగోడ సాదాగా నుండును, వైభవమంతయు లోపలనే. ఎత్తయిన గదులు, గచ్చు నగిషీలు, అతిథులు పైకి నడచుటకు విశాలమైన మెట్లవరుస, అన్నియు నొక్క కుటుంబము కొరకే. మొదట కాపురమున్న మోల్స్‌వర్తు ప్రభువు భార్య మేరీ తన యిద్దరు కూతులను ఈ యింటనే కనెను.

1801లో ఐర్లండు పార్లమెంటు లండను పార్లమెంటులో కలిసిపోయెను. పిమ్మట ప్రభువులు క్రమముగా నగరమును విడిచిరి. 1877లో థామస్ వాన్సు ఆ పెద్ద మెట్లవరుసను తీయించి, మేడను 19 వాటాలు చేసెను. కొన్ని వాటాలకు మూడు నాలుగు గదులు, కొన్నిటికి ఒక్కటియే. వాటాకొక పొయ్యి, మెట్ల మలుపులలో మరుగుదొడ్లు, వార్ట్రీ నది నీరు, బట్టలారవేయ పెరడు కలవని ప్రకటించిరి. వినుటకు బాగుగనే యున్నది. కాని 1911 జనాభాలెక్కల నాటికి అందు 17 కుటుంబములు, 100 మంది యుండిరి!

ఒంటిగది వాటాలో వంట, పడక, రోగి, పసిబిడ్డ అన్నియు నొక్కచోటనే. విందుల కని ఎత్తుగా కట్టిన గది చలికాలమున ఒక్క పొయ్యితో వెచ్చబడునా? పైయంతస్తు ఇల్లాలికి బొగ్గు మోతతో మెట్లెక్కక తప్పదు.

మన మండువా లోగిళ్లను అన్నదమ్ములు పంచుకొనుట మన మెరిగినదే. అచట గోడ కావలివారు బంధువులు. ఇచట ఒక్క గడప దాటువా రందరును పరాయివారు.

అయినను వారు దానిని ఇల్లు చేసికొనిరి. మెట్లదారి గోడలపై ఎరుపు, నీలి పూతలు నేటికిని కనబడును. ఎరుపు మన జేగురే. నీలము బట్టలకు పెట్టు నీలిమందే. ప్రభువుల నగిషీలకంటె ఆ పూతలయొద్దనే మేము ఎక్కువసేపు నిలిచితిమి.

1970వ దశకము చివర కడపటి కుటుంబములు వెడలినవి. నగరపాలకులు మేడను బాగుచేయించి 2018లో తెరచిరి.

ఇంటిని పంచువారు గదులను లెక్కింతురు. ఇల్లాలు లెక్కించునది పొయ్యి, నీరు, మరుగు, వెలుతురు. మన యిండ్లు పంచునాడు ఈ రెండవ లెక్కనుగూడ వేయుమని సోదరీమణులు అడుగవలెను.