నాయనమ్మ చూసిన శని

అట్టపెట్టె మీద పెద్దపెద్ద అక్షరాలు... '675 రెట్లు!' అది చూసే ఆ టెలిస్కోప్ కొన్నారు గోదావరి పక్కన ఊళ్లో ఉండే ఓ లెక్కల మాస్టారు. ఇంటర్ చదివే కూతురి ముచ్చట అది. కానీ ఆశంతా పెట్టుకున్నది మాత్రం నాయనమ్మ!

అది 2022 కార్తీకమాసం. నాయనమ్మది మకరరాశి. ఏలినాటి శని నడుస్తోంది. శనివారం వస్తే నువ్వులనూనె దీపం పెట్టనిదే మెతుకు ముట్టదు. ఆవిడకి ఒక కన్ను ఎప్పుడో పోయింది. రెండోదానికి శుక్లం. నెలాఖర్లో ఆపరేషన్. 'ఉన్న ఒక్క కన్నూ ఏమవుతుందో... ఈలోపే ఆ శనిని చూపించరా' అంది కొడుకుతో.

దీపాలు పెట్టాక ముగ్గురూ డాబా ఎక్కారు. పెట్టెలో మూడు ఐపీసులున్నాయి. అంటే కన్ను పెట్టి చూసే చిన్న కటకాలు... 25, 10, 4 మిల్లీమీటర్లవి. రెట్లను మూడింతలు చేసే బార్లో లెన్సు ఒకటి. అమ్మాయి 4 మిల్లీమీటర్లదానికి బార్లో కలిపి బిగించింది. 675 రెట్లు! కనిపించింది మాత్రం మసక మరక. బార్లో తీసేసింది. 225 రెట్లు. ఈసారి శని నూతిలో పడ్డ రూపాయి బిళ్లలా వణుకుతున్నాడు. నాయనమ్మ కన్ను పెట్టింది. దాదాపు ఆనిస్తే తప్ప ఏమీ కనబడదు. రెప్ప తగిలి అద్దం మసకబారింది. నల్లటి నూలుపోగుల్లాంటివి అడ్డం వచ్చాయి. 'నా కన్నే పనికిరాదులేవే' అంటూ దిగిపోయింది. పిల్ల ముఖం చిన్నబోయింది.

ఆ రాత్రి మాస్టారు కాగితం తీశారు. లెక్క తేలికే. టెలిస్కోప్ నాభ్యంతరాన్ని ఐపీస్ నాభ్యంతరంతో భాగిస్తే వచ్చేవే రెట్లు. వాళ్లది 900. నాలుగుతో భాగిస్తే 225. అయితే లోపలి అద్దం వెడల్పు ఎన్ని మిల్లీమీటర్లో, దానికి రెట్టింపు దాటితే కొత్తగా కనిపించేదేమీ ఉండదు. ఉన్న వెలుగే పల్చబడుతుంది. వాళ్ల అద్దం 114. అంటే 228 రెట్లే హద్దు. అదీ గాలి నిలకడగా ఉన్న రాత్రే! పైగా రెట్లు పెరిగేకొద్దీ ఐపీస్ నుంచి వచ్చే వెలుగు ధార సన్నబడుతుంది. 225 దగ్గర అర మిల్లీమీటరే. అంత సన్నటి వెలుగులో కంటిలోపల తేలే నలుసుల నీడలు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. పెద్దవాళ్లకు మరీనూ. తప్పు నాయనమ్మ కంటిది కాదన్నమాట!

మరి ఏం చేయాలి? 10 మిల్లీమీటర్లదైతే 90 రెట్లు. బొమ్మ స్పష్టమే కానీ, శుక్లం కంటికి మరీ చిన్నది. మధ్యలో 6 మిల్లీమీటర్లది పెడితే 150. మాస్టారు అదే తెప్పించారు. కన్ను పదిహేను మిల్లీమీటర్ల దూరంలో ఉన్నా చూడగలిగే రకం. రెప్ప తగలదు.

ఆపరేషన్‌కు రెండ్రోజుల ముందు మళ్లీ ప్రయత్నం. పగలంతా కాగిన సిమెంటు మీంచి లేచే వేడిగాలి బొమ్మను వణికిస్తుంది. అందుకే డాబా వద్దనుకుని పెరట్లో మట్టినేల మీద పెట్టారు. గొట్టం చల్లబడాలని అరగంట ఆగారు. అమ్మాయి 25 మిల్లీమీటర్లదాంతో శనిని వెతికి, మధ్యకు తెచ్చి, అప్పుడు 6 బిగించింది.

నాయనమ్మ కుర్చీలో కూర్చుని చూసింది. ఒక క్షణం... రెండు క్షణాలు... గాలి నిలిచింది.

'అమ్మో! నిజంగానే ఉంగరం పెట్టుకున్నాడే!'

రెండు నిమిషాలు తిరక్కుండానే శని పక్కకు జారిపోయాడు. భూమి తిరుగుతోంది కదా! మనవరాలు మళ్లీ పట్టి తెచ్చింది. అలా ఎన్నిసార్లో.

ఆపరేషన్ బాగానే జరిగింది. ఇంట్లో పంచాంగం ప్రకారం ఆవిడకి ఏలినాటి శని 2025 మార్చిలో వదిలింది. ఆ ఏడు కార్తీకంలో మళ్లీ చూసేసరికి ఉంగరం అంచు మనవైపు తిరిగి, సూదిలా సన్నబడి ఉంది.

'నన్ను వదలగానే ఉంగరం తీసేశాడేమిటే?' అంది నాయనమ్మ.

'మళ్లీ పెట్టుకుంటాడులే నాయనమ్మా, ఏటికేడు వెడల్పవుతుంది' అంది మనవరాలు. బార్లో లెన్సు మాత్రం ఇప్పటికీ అట్టపెట్టెలోనే ఉంది.