పంగల పుల్ల

పులివెందుల దిక్కు చీనీతోటలో బోరు వెయ్యాలంటే ముందు నీళ్ల పాయింటు చూసేటాయన రావాల్సిందే. చేతిలో పంగల వేపపుల్లో, టెంకాయో.

ఆ పని నేనూ చేసి చూద్దామని మొన్న ప్రొద్దుటూర్లో రాగి తీగ కొని, రెండు మూరెడు ముక్కలు ఎల్ ఆకారంలో వంచి, పిడికి ఖాళీ బాల్‌పెన్ను గొట్టాలు తొడిగినా. పెరట్లో నడిస్తే నీళ్ల సంపు కాడ రెండూ టక్కున అడ్డం పడినాయి! నాయన నా కళ్లకు టవల్ కట్టి నడిపించినాడు. సంపు దాటిపోయినా ఉలుకూ పలుకూ లేదు.

మనసు అనుకున్నదానికి మనకు తెలీకుండానే కండరాలు కదుల్తాయని 1852లోనే విలియం కార్పెంటర్ అనే ఇంగ్లీషు డాక్టరు చెప్పినాడు. బృహత్సంహితలో వరాహమిహిరుడు నీళ్ల జాడకు చెట్టూ పుట్టా చూడమన్నాడు, అది కొంచెం నయం.

జమ్మలమడుగు మామ మాత్రం "నీకు హస్తవాసి లేదులేబ్బీ" అని తీగలు సంకన పెట్టుకోని పోయినాడు.